ఆర్కిడ్‌కి కత్తెర పెట్టేముందు

అందరికీ నమస్కారమండీ. వెనక వరసలో ఉన్నవాళ్ళకి వినిపిస్తోందా? సరే.

ఈ టేబుల్ మీద ఉన్నది మా ఇంట్లో మొక్కే. ఫెలనాప్సిస్ అనే రకం ఆర్కిడ్. మూడున్నర నెలలు పూసింది, ఆఖరి పువ్వు పోయిన వారమే రాలింది. ఇప్పుడు రెండు బోడి కాడలు మిగిలాయి, ఒకటి పచ్చగా ఉంది, రెండోది పైనుంచి ఎండుకుంటూ వస్తోంది. ఆకులు నాలుగు, అందులో అడుగు ఆకు పసుపు తిరిగింది. నాలుగైదు వేర్లు కుండీ దాటి గాల్లోకి పాకాయి. పూలు అయిపోయాక అందరిళ్ళల్లో ఆర్కిడ్ ఇలాగే ఉంటుంది కదా, అందుకే దీన్నే పట్టుకొచ్చాను. నేను మాట్లాడటం అయ్యేలోపు దీనికి ఏది కోయాలి ఏది వదిలేయాలి అన్నది మీరే చెప్పాలి, అప్పుడు ఇక్కడే కోద్దాం.

ముందు నేను గట్టిగా నమ్మే మాట ఒకటి చెప్పేస్తాను. ఆర్కిడ్ ప్రూనింగ్‌లో కోయడం చాలా చిన్న పని, కోయకుండా ఉండటమే పెద్ద పని. ఇంట్లో ఆర్కిడ్లు నీళ్ళు ఎక్కువై పోతాయి అంటారు, నిజమే, కానీ దాని తర్వాత అంతగా దెబ్బతీసేది మన కత్తెరేనని నాకనిపిస్తుంది. ఎందుకంటే మనకి గులాబీ అలవాటు, మందార అలవాటు. వాటిని ఎంత కోస్తే అంత గుబురుగా వస్తాయి, ఎక్కడ కోసినా పక్క కణుపులోంచి చివురు తన్నుకొస్తుంది. ఆ చేత్తోనే వచ్చి ఆర్కిడ్ మీద పడతాం. ఆర్కిడ్ అలా గుబురయ్యే మొక్క కాదు. ఏడాదికి రెండాకులో మూడాకులో వేస్తుంది, ఒక కొత్త కాండం తెస్తుంది, అంతే. దాంట్లో మనం ఒకటి పీకేస్తే అది ఏడాది సంపాదన పోయినట్టే.

ఇంకొకటి కూడా ఇక్కడే చెప్పాలి. మనం ఇళ్ళల్లో పెంచే ఆర్కిడ్లలో చాలావరకు అడవిలో చెట్ల కొమ్మలు పట్టుకుని బతికేవి. అది చూసి వీటిని బదనిక అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కాదండీ. బదనిక చెట్టు కాండంలోకి వేరు దింపి దాని రసం తాగుతుంది. ఆర్కిడ్ చెట్టుని ఊరికే పట్టుకుని కూర్చుంటుంది, అంతే, తిండీ నీళ్ళూ గాల్లోంచి, వానలోంచి, బెరడు సందుల్లో చేరిన ఆకుచెత్తలోంచి తెచ్చుకుంటుంది. వాన పడ్డప్పుడు తాగాలి, మళ్ళీ పడేదాకా దాచుకోవాలి. అందుకే దాని ఒళ్ళంతా దాచుకునే చోట్లే. లావు ఆకులు, ఉబ్బిన కాండాలు, స్పాంజి లాంటి వేర్లు. మన కంటికి అందంగా కనపడని భాగం ఏదైనా సరే, అది దాని కొట్టు గది అయ్యుండే అవకాశం ఎక్కువ. ఇది మనసులో పెట్టుకుంటే సగం తప్పులు చేయం.

పెరిగే తీరుని బట్టి ఆర్కిడ్లు రెండు రకాలు. ఫెలనాప్సిస్, వాండా లాంటివి తాటిచెట్టు లాగా ఒకే మొవ్వ మీద పైకి పోతాయి, కొత్త ఆకు ఎప్పుడూ నడినెత్తిలోంచే వస్తుంది, కాబట్టి ఆ మొవ్వ పోతే ఇక పైకి పెరగడం ఆగిపోయినట్టే. అదృష్టం బాగుంటే పక్కనుంచి పిలక వేస్తుంది. డెండ్రోబియం, కాట్లియా, ఆన్సిడియం, సింబిడియం ఇవన్నీ రెండో రకం, పసుపు కొమ్ము పాకినట్టు అడ్డంగా పాకుతూ ఒక్కొక్క కాండం పైకి లేపుతూ పోతాయి. ఆ కాండాలు లావుగా ఉబ్బి ఉంటాయి, వాటినే సూడోబల్బులు అంటారు, డెండ్రోబియంలో అయితే చెరకు గడల్లా పొడుగ్గా ఉంటాయని కేన్స్ అంటారు. మీ ఇంట్లో ఉన్నది ఏ రకమో తెలియకుండా మాత్రం కత్తెర తీయకండి, దయచేసి.

తెలియకుండా తీసినదాన్ని నేనే, అందుకే ఇంతలా చెప్తున్నాను. నా మొదటి డెండ్రోబియంకి ఏడు కేన్స్ ఉండేవి. రెండు కొత్తవి, నిండా ఆకులతో. మిగతా ఐదింటికీ ఒక్క ఆకు లేదు, పైన తెల్లటి కాగితం పొర, ముడతలు. చచ్చిపోయాయి అనుకున్నాను. ఐదూ మొదలంటా కోసేశాను, కోసిన చోట లోపల పచ్చగా, తడిగా ఉంది, అది కళ్ళతో చూశాను కూడా, అయినా ఆగలేదు. మొక్క చాలా నీట్‌గా కనపడింది. తర్వాత వచ్చిన కొత్త కేన్ బొటనవేలంత వచ్చి ఆగిపోయింది. అంతకుముందు వచ్చినవి జానెడు పైనే ఉండేవి. దాని తర్వాతది ఇంకాస్త పొడుగు, ఆ తర్వాతది ఇంకాస్త, అలా కూడదీసుకుని మళ్ళీ పువ్వు చూపించేసరికి మూడేళ్ళు పట్టింది. ఆ ఐదు కేన్సూ చచ్చినవి కాదు, కొత్త కేన్‌కి నీళ్ళూ పిండిపదార్థం అందిస్తున్నవి. మళ్ళీ దాంట్లో నోబిలే రకం డెండ్రోబియంలు ఉన్నాయి చూడండి, అవి ఆకులు రాల్చేశాక ఆ బోడి కేన్స్ కణుపుల్లోంచే పూస్తాయి. అంటే పూయబోయేదాన్నే మనం ఎండుపుల్ల అని కోసి పారేస్తాం. ఇంకో రకం, ఫెలనాప్సిస్ పూలలాంటి పూలు పూసేది, అది పాత కేన్ చివర్లోంచి కూడా రెండో ఏడాది మూడో ఏడాది పూస్తూ ఉంటుంది.

మరి చచ్చిన కేన్ ఎలా తెలుస్తుంది? నొక్కి చూడండి. ముడతలున్నా సరే వేళ్ళకి గట్టిగా తగిలితే బతికున్నట్టే. నొక్కితే లోపల బోలుగా, గోధుమరంగు గడ్డిపుల్లలాగా చప్పుడు చేస్తే పోయినట్టు, దాన్ని తీసేయొచ్చు. మెత్తగా నీరు కారుతూ ఉంటే కుళ్ళు, అది మాత్రం ఆ రోజే తీయాలి.

ఇప్పుడు అందరూ దేనికోసం వచ్చారో అక్కడికొద్దాం, ఫెలనాప్సిస్ పూలకాడ. స్పైక్ అంటారు దీన్ని.

ఈ పచ్చ కాడని చూడండి, ముందు వరసలోవాళ్ళు కాస్త దగ్గరికి రండి. కింద నుంచి వస్తుంటే ఇక్కడ ఒక కణుపు, కణుపు చుట్టూ చిన్న తొడుగు ఒకటి ముక్కోణంలో అంటుకుని ఉంది. గోరుతో దాని కొనని ఇలా మెల్లిగా లేపితే, కనపడిందా, లోపల ఆవగింజ కన్నా కాస్త పెద్దదిగా లేత పచ్చ మొగ్గ. అది నిద్రపోతున్న మొగ్గ. ఈ కాడ మీద అలాంటివి కింద నుంచి లెక్కపెడితే నాలుగున్నాయి, ఆపైన పూలు పూసిన కణుపులు. కాడ కొన పెరుగుతున్నంత కాలం అక్కడ తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోన్ కిందికి దిగి ఈ మొగ్గల్ని లేవనివ్వదు. కొన తీసేస్తే ఆ అదుపు పోతుంది, అప్పుడు పైన మిగిలిన మొగ్గ లేచి పక్క కొమ్మ వేసే అవకాశం ఉంటుంది. అందుకే కింద నుంచి రెండో కణుపో మూడో కణుపో చూసుకుని దానికి ఓ సెంటీమీటరు పైన కోయమంటారు. కుదిరితే రెండు మూడు నెలల్లో అక్కడినుంచి చిన్న కొమ్మ వచ్చి పూస్తుంది. పూలు తక్కువే వస్తాయి, సైజు కూడా కాస్త చిన్నగా ఉంటుంది. కొన్నిసార్లు కొమ్మ బదులు పిలక వస్తుంది, కొన్నిసార్లు ఏమీ రాకుండా కాడ మొత్తం ఎండిపోతుంది. గ్యారంటీ లేదు అన్నమాట.

రెండో దారి ఏంటంటే మొదట్లో రెండు సెంటీమీటర్లు వదిలి మొత్తం తీసేయడం. అప్పుడు మొక్క ఆకులూ వేర్లూ పెంచుకుని, రాత్రిళ్ళు చల్లబడే కాలం రాగానే కొత్త కాడ తెస్తుంది, అది నిండుగా పూస్తుంది. ఆలస్యం అవుతుంది కానీ పూలు బాగుంటాయి.

ఈ రెండిట్లో ఏది మంచిది అని అడుగుతారు అందరూ. నేను కాడని చూడను, ఆకుల్ని చూస్తాను. ఐదారు ఆకులు బిగువుగా, లావుగా ఉండి, వేర్లు బాగుంటే ఇంకో రౌండు పూయనివ్వండి, దానికేం కాదు. మూడే ఆకులున్నాయి, లేదా ఆకులు వాలిపోయాయి, మెత్తబడ్డాయి, చర్మం మీద గీతల్లా ముడతలు పడ్డాయి అంటే మొదలంటా కోసేయండి. ఫెలనాప్సిస్‌కి సూడోబల్బులు లేవండీ, దాని దాపుడంతా ఆకుల్లోనూ వేర్లలోనే ఉంటుంది. బలహీనమైన మొక్క కూడా పూస్తూనే ఉంటుంది, దానికి ఆపుకోవడం తెలియదు, ఆకుల్లో ఉన్నదంతా పూలకి పెట్టేస్తుంది. ఆపాల్సింది మనమే. పూలున్న కాడని కోయడానికి చేతులు రావు, నాకూ రావు, కానీ వేర్లు కుళ్ళిన మొక్కకి పూలుంటే నేను పూలతో సహా కోసి గ్లాసులో నీళ్ళు పోసి పెట్టుకుంటాను. అందులో కూడా చాలా రోజులు నిలుస్తాయి అవి.

పూర్తిగా గోధుమరంగులో ఎండిపోయిన కాడ గురించి ఆలోచించక్కర్లేదు, తీసేయండి. సగం ఎండిన కాడ అయితే ఆగొచ్చు, పచ్చదనం ఎక్కడుందో దాని పైన కోయొచ్చు.

మిగతా ఆర్కిడ్ల కాడలు తొందరగా చెప్పేస్తాను. ఆన్సిడియం, సింబిడియం, కాట్లియా, వీటి పూత అయిపోయాక ఆ కాడ మళ్ళీ పూయదు, సూడోబల్బుకి దెబ్బ తగలకుండా మొదట్లో కోసేయండి. కాట్లియాలో ఒక జాగ్రత్త ఉంది, పువ్వు వచ్చే ముందు చదునుగా సంచిలాంటి తొడుగు వేస్తుంది, కొన్ని రకాల్లో అది ఎండి గోధుమరంగు అయ్యాక దాంట్లోంచే మొగ్గలొస్తాయి, కాబట్టి ఎండింది కదా అని పీకకండి, దీపానికో ఫోన్ లైటుకో అడ్డంపెట్టి చూస్తే లోపల మొగ్గ నీడ తెలుస్తుంది. పాఫియోపెడిలం, అదే చెప్పు ఆకారంలో పూసేది, ఒక ఆకుల గుత్తి ఒకసారే పూస్తుంది, పువ్వు రాలాక కాడ తీసేయొచ్చు. కానీ వాటిలోనే ఒకే కాడ మీద ఒకదాని తర్వాత ఒకటి నెలల తరబడి పూసేవి ఉన్నాయి. సైకాప్సిస్ అని సీతాకోకచిలుకలా ఉండే ఆర్కిడ్ ఉంది, అదయితే అదే కాడ మీద ఏళ్ళ తరబడి పూస్తుంది, కోశారంటే ఆ ఏళ్ళన్నీ కోసినట్టే. ఫెలనాప్సిస్ జాతుల్లో కూడా బెలీనా, వయోలేసియా, కార్ను సెర్వి లాంటివి పాత కాడల మీదే మళ్ళీ మళ్ళీ పూస్తాయి. కాబట్టి కుండీలో గుచ్చిన పేరు చీటీ పారేయకండి, దాని విలువ కాడ కోసేటప్పుడే తెలిసొస్తుంది.

వేర్లు. ఇదిగో, ఈ గాల్లో వేలాడే వేర్లు. ఎంతమంది వీటిని కోస్తారు? చేతులెత్తండి, పర్లేదు. చూశారా, సగం మంది. చూడ్డానికి అడ్డదిడ్డంగా ఉంటాయి, ఒప్పుకుంటాను. కానీ ఇది ఎండు వేరు కాదు, దీని మీద వెండిరంగులో కనపడే పొర వెలామెన్, చచ్చిపోయిన కణాలతో తయారైన స్పాంజి అది. ఇప్పుడు దీనిమీద కొంచెం నీళ్ళు చల్లుతాను, చూస్తూ ఉండండి. పచ్చబడుతోంది కదా? ఆ పొర నీళ్ళు పీల్చుకుని పారదర్శకంగా అయ్యేసరికి లోపలి పచ్చదనం బయటికి కనపడుతుంది. అంటే ఈ వేరు నీళ్ళు తాగడమే కాదు, ఎండ తగిలితే ఆకులాగా కాస్త తిండి కూడా వండుకుంటుంది. కుండీలో వేర్లు కుళ్ళిపోయిన మొక్కలు ఈ గాలి వేర్ల మీదే బతికిన సందర్భాలు నేను చాలా చూశాను. వీటిని కుండీలోకి బలవంతంగా వంచి తోయకండి కూడా, పుటుక్కున విరుగుతాయి.

వేర్లు కోసేది కుండీ మార్చేటప్పుడు మాత్రమే. కుండీలో మట్టి బదులు నింపే బెరడు ముక్కలు ఏడాది రెండేళ్ళకి పొడిపొడి అయిపోతాయి, గాలి ఆడదు, అప్పుడు మార్చాలి. బయటికి తీశాక వెంటనే కోయడం మొదలుపెట్టకండి. మొత్తం వేర్లని ఓ పావుగంట ఇరవై నిమిషాలు నీళ్ళలో ఉంచండి. బతికున్నవి ఉబ్బి గట్టిపడతాయి, చచ్చినవి మెత్తగా అలాగే ఉంటాయి. రంగు చూసి మోసపోవద్దు, కుండీ లోపల వెలుతురు లేక, బెరడు రంగు పట్టి మంచి వేరు కూడా పసుపుగా గోధుమగా ఉండొచ్చు. రెండు వేళ్ళ మధ్య పట్టుకుని నొక్కండి, గట్టిగా ఉందా, ఉంచండి. మెత్తగా ఉండి, కాస్త లాగితే పై పొర చొక్కా చేతిలా జారిపోయి లోపల దారంలాంటి పుల్ల మిగిలిందా, అది పోయిన వేరు, గట్టి భాగం మొదలయ్యే దాకా కోసేయండి. ఇంత చేశాక మొక్కకి రెండు వేర్లే మిగిలినా భయపడొద్దు, మంచి వేర్లు రెండు చాలు. ఇదంతా కొత్త వేర్ల కొనలు పచ్చగా మెరుస్తూ బయటికొస్తున్న సమయంలో చేస్తే మొక్క తొందరగా నిలదొక్కుకుంటుంది.

ఆకులకొస్తే, అడుగు ఆకు ఒక్కటే పసుపు తిరిగితే అది ముసలితనం. దాన్ని కోయను. ఆ ఆకులో ఉన్న పోషకాలని మొక్క వెనక్కి లాక్కుంటోంది, పూర్తిగా లాక్కున్నాక అదే ఎండి చేత్తో ఇలా అంటే ఊడొచ్చేస్తుంది, అప్పటిదాకా ఆగడమే. ఆకుల చివర్లు నల్లబడ్డాయని కత్తెరతో గుండ్రంగా అందంగా కత్తిరిస్తారు కొందరు, దానివల్ల మొక్కకి ఒరిగేదేం లేదు, ఒక కొత్త గాయం తప్ప. ఎండ దెబ్బ మచ్చ కూడా అంతే, పొడిగా, తెల్లగానో లేత గోధుమగానో ఉండి అక్కడే ఆగిపోతుంది.

తడి మచ్చ వేరు. నీళ్ళతో నిండిన బుడగలాగా, గోధుమరంగులో, చుట్టూ పసుపు అంచుతో ఉండి రోజురోజుకీ పాకుతుంటే బ్యాక్టీరియా. అనుమానంగా ఉంటే మచ్చ అంచు చుట్టూ పెన్నుతో గీత గీసి మర్నాడు చూడండి. గీత దాటిందంటే ఇక ఆగొద్దు, మచ్చకి రెండు సెంటీమీటర్లు ఇవతల, శుభ్రమైన పచ్చ భాగంలోకి వచ్చి కోసేయండి. అది మొవ్వ దాకా పోతే మొక్క దక్కడం కష్టం. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను తొందరపడమంటాను.

ఇక కత్తెర. ఇది నాకు బాధగా ఉండే భాగం, అయినా చెప్పాలి. ఒక మధ్యాహ్నం పూత అయిపోయిన పదకొండు మొక్కలకి వరసపెట్టి ఒకే కత్తెరతో కాడలు కోశాను. కత్తెర కడిగే తీసుకున్నాను, మొదట్లో. మొక్కకీ మొక్కకీ మధ్య కడగలేదు. మరుసటి ఏడాది ఒక కాట్లియా పువ్వు రేకుల మీద రంగు చారలు చారలుగా విరిగి వచ్చింది, ఇంకోదాని ఆకుల మీద నల్లటి గుంటలు. టెస్ట్ స్ట్రిప్పులు తెచ్చి ఆకు రసం వేసి చూస్తే నాలుగు మొక్కలకి వైరస్. అందులో ఒకటి తొమ్మిదేళ్ళ మొక్క, చిన్న పిలకగా తెచ్చుకున్నది. నాలుగూ సంచిలో వేసి మూట కట్టి పారేయాల్సొచ్చింది.

ఆర్కిడ్లలో ఎక్కువగా కనపడేవి రెండు, సింబిడియం మొజాయిక్ వైరస్, ఓడొంటోగ్లాసం రింగ్‌స్పాట్ వైరస్. పేర్లు అలా ఉన్నా చాలా రకాల ఆర్కిడ్లకి వస్తాయి. ఇవి ముఖ్యంగా రసం ద్వారా, కత్తెర ద్వారా, పాత కుండీల ద్వారా, ఒక కుండీలోంచి కారిన నీళ్ళు ఇంకో కుండీలో పడటం ద్వారా పాకుతాయి. మందు లేదు. ఒకసారి మొక్కలోకి వెళ్తే ఒళ్ళంతా పాకుతుంది, ఆ ఆకు కోసినా ఈ ఆకు కోసినా లాభం లేదు. వైరస్ పట్టిన సింబిడియంలని బాగుచేద్దామని 1960లో ఫ్రాన్స్‌లో జార్జ్ మొరెల్ అనే శాస్త్రవేత్త చివురు కొనలో కంటికి ఆనీ ఆనని ముక్కని తీసి ల్యాబ్‌లో పెంచి వైరస్ లేని మొక్కల్ని తెచ్చాడు, ఆ పద్ధతి పుణ్యమా అనే తర్వాత ఆర్కిడ్లు ల్యాబుల్లో లక్షల్లో తయారై అందరిళ్ళకీ వచ్చాయి. కానీ అది ల్యాబ్ పని, మన చేతిలో ఉన్నది రాకుండా చూసుకోవడమే.

కాబట్టి మొక్కకో బ్లేడు. మామూలు షేవింగ్ బ్లేడే, ఒక మొక్కకి వాడి పక్కన పడేయడం, నేనిప్పుడు చేసేది అదే. కత్తెరే వాడాలంటే కొన ఎర్రగా కాలేదాకా మంట మీద పెట్టి చల్లారాక కోయండి. లేదంటే ఇంట్లో వాడే బ్లీచ్ ఒక వంతు, నీళ్ళు తొమ్మిది వంతులు, ఆ రోజుకారోజు కలుపుకుని అందులో కొన్ని నిమిషాలు నానబెట్టి, మంచినీళ్ళతో కడిగి తుడవండి. బ్లీచ్‌లో లోహం తుప్పు పడుతుంది, అందుకే చివర్లో కడగడం మర్చిపోవద్దు. స్పిరిట్ దూదితో తుడిస్తే చాలదా అంటారు. ఫంగస్, బ్యాక్టీరియాకి కొంతవరకు పనిచేస్తుంది, ఈ వైరస్‌ల విషయంలో మాత్రం దాన్ని నమ్ముకోకూడదు.

ఇక్కడ ఒకరు అడుగుతున్నారు, కోసిన చోట దాల్చిన చెక్క పొడి రాయాలా అని. రాయొచ్చండీ, ఫంగస్ రానివ్వదు, తేమ లాగేస్తుంది. ఆ తేమ లాగేసే గుణం వల్లే వేర్ల మీద చల్లకూడదు, మంచి వేరు కూడా ఎండిపోతుంది. ఆకు, కాండం, కాడ, వీటి గాయాల మీద వేలితో కొంచెం అద్దండి చాలు. కోశాక మూడు నాలుగు రోజులు గాయం ఆరేదాకా దానిమీద నీళ్ళు పడకుండా చూసుకోవడం అంతకన్నా ముఖ్యం.

ఆ చివర అమ్మ ఏదో అడిగారు... కాడ మీద చిన్న మొక్క వచ్చింది, కోయొచ్చా అని. దాన్ని కైకీ అంటారమ్మా, హవాయి భాషలో చంటిపిల్ల అని అర్థం. తొందరపడకండి. దానికి సొంతంగా రెండు మూడు ఆకులు, రెండు మూడు వేర్లు, వేర్లు కనీసం ఐదు సెంటీమీటర్లు ఉండాలి, అప్పుడు కాడని కైకీకి అటో ముక్క ఇటో ముక్క ఉండేలా కోసి చిన్న కుండీలో పెట్టండి. వేర్లు రాకముందే విడదీస్తే తల్లి దగ్గర పాలు మాన్పించినట్టే, నిలవదు.

విడదీయడం గురించి వచ్చింది కాబట్టి కాట్లియా మాట కూడా చెప్తాను. ఒక్కో ముక్కకి మూడు నాలుగు సూడోబల్బులైనా ఉండాలి, ఒక్కొక్కటిగా విడగొడితే పూలకి ఏళ్ళు పడుతుంది. నాకు నచ్చిన పద్ధతి ఏంటంటే, కుండీలో ఉండగానే పాకే కాండాన్ని మధ్యలో బ్లేడుతో కోసి అలాగే వదిలేయడం, కదపకుండా. వెనక భాగం మొదట్లో నిద్రపోతున్న కన్ను, అంటే మొగ్గ, ఒకటి ఉంటుంది, ముందు భాగంతో సంబంధం తెగేసరికి అది లేస్తుంది. కొత్త చివురు వచ్చాక, దానికి వేర్లు మొదలవుతున్నప్పుడు తీసి విడిగా పెడితే రెండు ముక్కలూ బతుకుతాయి. వాండా మరీ పొడుగైపోయి కింద ఆకులు లేకుండా కర్రలా తయారైతే, పై భాగానికి కనీసం మూడు నాలుగు మంచి వేర్లు ఉండేలా చూసి వాటి కింద కోయండి. కింద మోడుని పారేయొద్దు, దానికి వేర్లుంటే నీళ్ళు చల్లుతూ ఉండండి, పక్కనుంచి పిలకలొస్తాయి.

సరే, ఇప్పుడు మన మొక్క. చెప్పండి. గాలి వేర్లు? వదిలేద్దాం, అవును. పసుపు ఆకు? వదిలేద్దాం, బాగుంది. ఎండుతున్న కాడ? కోద్దాం. ఈ పచ్చ కాడ? ... మూడో కణుపు పైన అంటున్నారు ఎక్కువమంది. మొగ్గ కూడా చూశారు కదా, ఆశగా ఉంటుంది. ముందు వరసలో మీరొకరు వచ్చి ఈ పై ఆకుని ముట్టుకుని చెప్పండి ఎలా ఉందో. మెత్తగా ఉంది, కదా? వంగుతోంది కూడా. ఇదిగో ఇక్కడ పొడుగునా సన్నటి ముడతలు. నాలుగు ఆకుల్లో ఒకటి ఎలాగూ పోతోంది, మిగిలినవి మూడు, అవి కూడా అలసిపోయి ఉన్నాయి. మూడున్నర నెలలు పూసింది పాపం. రెండు కాడలూ మొదలంటా తీసేద్దాం.

కొత్త బ్లేడు ఇది, కాగితం ఇప్పుడే విప్పుతున్నాను. మొదట్లో రెండు సెంటీమీటర్లు వదిలి, ఆకు అంచుకి తగలకుండా, ఒకే కోతలో. ఇలా. కొంచెం దాల్చిన చెక్క పొడి. రెండోది మీరు కోస్తారా? రండి, భయపడకండి. బ్లేడు మార్చక్కర్లేదు, అదే మొక్క.